మూడుసార్లు కడిగిన గ్లాసు

మా కెమిస్ట్ సారు మొన్న పొద్దున పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. కరెంటు కేంద్రంలో బాయిలర్ నీళ్లు పరీక్షించడం నాకు నేర్పింది ఆయనే. నేర్పుతూ నన్నెన్నిసార్లు ఏడిపించారో నాకే తెలుసు!

చిక్కడపల్లి నుంచి నేను, అశోక్‌నగర్ నుంచి ఆయన నడిచొచ్చి నారాయణగూడ చౌరస్తాలో డ్యూటీ బస్సు ఎక్కేవాళ్లం. బస్సు వచ్చేలోపు చాయ్. సారు గ్లాసులో కాస్త చాయ్ పోయించుకుని, తిప్పి, పారబోసేవారు. అలా మూడుసార్లయ్యాకే తాగేవారు. నీళ్లతో కడిగితే ఆ నీళ్లు చాయ్‌లో కలుస్తాయట! శాంపిల్ సీసానూ అంతే, ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే కడగాలి.

"ఏంది సారూ, సగం చాయ్ భూమికే తాపుతున్నరు!" అని చాయ్ అన్న నవ్వేవాడు. నేను సిగ్గుతో పక్కకు తిరిగి నిలబడేదాన్ని.

అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఒకరోజు, వానలో బాయిలర్ దాకా అంత దూరం ఎవరు పోతారులే అని, శాంపిల్ తీయకుండానే, నీళ్లలో కరిగి ఉండే ఇసుక పదార్థం సిలికాకు ముందురోజు అంకెనే రిజిస్టర్‌లో ఎక్కించేశాను. అంకె మారలేదేమని సారుకు అనుమానమొచ్చి తనే పరీక్షించారు. సిలికా బాగా పెరిగి ఉంది. ముందు బాయిలర్ నీళ్లు కొంత వదిలించి, శుద్ధిచేసిన నీళ్లు ఎక్కించారు. తర్వాత పెన్ను నా చేతికిచ్చారు.

"శాంపిల్ తియ్యలేదని నీ చేత్తోనే రాయి బిడ్డా."

"సార్, నౌకరి పోతది."

"పోతే పోనియ్. అంకె అబద్ధమైతే మనమెందుకు ఈడ?"

రాశాను. కింద ఆయన సంతకం చేసి, నన్ను వెంటబెట్టుకుని పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్లారు. "నేర్పింది నేను. తప్పుల నాది గూడ ఉన్నది" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది. మెమో ఆయనకు వచ్చింది. ఆ సంగతి ఆయన నాకు చెప్పనేలేదు, ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

కొన్నాళ్లకు, బాయిలర్ ఆవిరితో తిరిగే టర్బైన్‌ను మరమ్మతుకు విప్పారు. సారు నన్ను పిలిచి బ్లేడు చూపించారు. సిలికా ఆవిరితో పాటు వెళ్లి దాని మీద తెల్లగా పేరుకుంది. గోటితో గీకాను, ఊడలేదు. చివరి వరుస బ్లేడ్లను ఆవిరితో వచ్చిన ఉప్పు తినేసి సూదిమొనంత గుంటలు పడ్డాయి. అక్కడే పగులు మొదలవుతుందన్నారు.

"ఈ తెల్లపొర నీ ఒక్క రోజుది కాదు బిడ్డా. కానీ దీంట్ల నీ రోజు గూడ ఉన్నది."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఏ వానకూ నేను శాంపిల్ మానలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. పక్కింటామె ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. గ్లాసులో కాస్త పోసుకుని, తిప్పి, గడప అవతల పారబోశాను. మళ్లీ పోశాను. మూడోసారికి గానీ ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. తలెత్తితే సారు భార్య నన్నే చూస్తున్నారు. చాయ్ పారబోస్తున్నారని ఆయన్ను రోజూ కసురుకున్న మనిషి.

ఆమె తన గ్లాసు నా ముందుకు చాచారు.

"నాకు గూడ గట్లనే కడిగి పొయ్యి, బిడ్డా."