మేడంగారి ఒండ్రు, నా జల్లెడ

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, ఒక ఎండాకాలంలో నన్ను రాజమండ్రిలోని మట్టి పరీక్షల ల్యాబ్‌కు డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. నాపై ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాజ్యలక్ష్మి. నా దగ్గరే జల్లెడ పట్టడం నేర్చుకున్న మనిషి. ప్రమోషన్లో నన్ను దాటిపోయింది. ఆవిడ గది ముందు నేమ్‌బోర్డు చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

అప్పుడు కాకినాడ దగ్గర ఒక మత్స్యకారుల పేటలో తుపాను షెల్టరు కట్టాలి. కాంట్రాక్టరు తెచ్చిన రిపోర్టు ప్రకారం అది మంచి ఇసుక. యంత్రంతో అదిరించి గట్టిపరిస్తే మామూలు పునాది చాలు. తను పరీక్ష చేస్తే ఒండ్రు ఎక్కువ తేలిందంటూ ఆవిడ పని ఆపించింది. ఒండ్రంటే పిండిలాంటి సన్నమట్టి. ఇసుకలో అది కొంచెమే ఉంటే రేణువుల సందుల్లో సర్దుకుంటుంది, బరువు ఇసుకే మోస్తుంది. ఎక్కువైతే ఇసుక రేణువులు ఒకదానికొకటి ఆనవు. నీరు త్వరగా బయటికి పోదు కనుక ఎంత అదిరించినా నేల బిగుసుకోదు. భూకంపం వస్తే ఆ నీటి ఒత్తిడికి నేల జావైపోవచ్చు.

పేట పెద్ద పోలయ్య ఆఫీసుకొచ్చాడు. “మేం రోజూ తొక్కే ఇసకేనండి. తుపాన్ల రోజులు దగ్గరకొచ్చేస్తన్నాయి. ఇంకెప్పుడు కడతారండి?” అన్నాడు. ఆవిడ మళ్ళీ పరీక్ష చేయిస్తానని చెప్పి, ఆ పని నాకే అప్పగించింది.

నాకు పండగే. ఆవిడ తప్పు దొరికితే చాలనుకున్నాను. రేపు నన్నెవరూ వేలెత్తి చూపకూడదని అన్నీ నా చేత్తోనే చేశాను. కాంట్రాక్టరు ల్యాబ్‌లో మట్టిని పొడిగానే జల్లించేశారు; అలా చేస్తే ఒండ్రు రేణువులకు అంటుకుపోయి ఇసుక లెక్కలోకి వెళ్ళిపోతుంది. నేను అంటుకున్న రేణువులను విడదీసే మందు కలిపిన నీళ్ళలో నానబెట్టి, సన్నజల్లెడ మీద, కింద తేటనీరు పడేదాకా కడిగాను. ఓవెన్‌లో ఆరబెట్టి తూచాను. మనసొప్పక ఇంకో నమూనా కడిగాను. ఒండ్రు ఆవిడ చెప్పినదానికన్నా ఎక్కువే తేలింది.

ఇష్టం లేకుండానే సంతకం పెట్టాను. షెల్టరుకు గట్టి నేల తగిలేదాకా స్తంభాలు దించే పైల్ పునాది వేయమని ఆర్డరొచ్చింది. మెచ్చుకోలు మాత్రం ఆవిడకే. ఉండబట్టలేక, ఇంతమంది ఉండగా ఆ పరీక్ష నాకే ఎందుకిచ్చారని ఆవిడని అడిగాను.

“మీకు నేనంటే పడదు కదండీ. మిగతావాళ్ళయితే నా మొహం చూసి సరేననేస్తారు” అంది, ఫైల్లోంచి తలెత్తకుండా.

ఆ ఆలోచన నాకు రానందుకు కూడా ఈర్ష్య పడ్డాను. షెల్టరు ఆ ఏడు తుపాన్లకు అందలేదు. పై ఏడు పోలయ్య వాళ్ళు అందులోనే తలదాచుకున్నారు. తర్వాత ల్యాబ్ నా చేతికొచ్చింది. రెండో పరీక్ష అవసరమైనప్పుడల్లా, మొదట చేసిన మనిషంటే గిట్టనివాళ్ళెవరో వాకబు చేసి వాళ్ళకే ఇచ్చాను.