పెళ్లికూతుళ్ల బండికి కొత్త ఇంజను

మలేసియాలోని తైపింగ్ చుట్టుపక్కల ఏ మలయ్ ఇంట్లో పెళ్లి కుదిరినా ముందు కబురు వెళ్లేది రుబియాకే. పెళ్లికూతురిని ముస్తాబు చేయడం, వధూవరులు కూర్చునే వేదిక అలంకరించడం ఆవిడ వృత్తి. చేతిలో అందం ఉంది, నోట్లో పచ్చిమిరపకాయ ఉంది. లేనిదల్లా వేళకి చేరుకునే యోగం. అందుకు కారణం ఆవిడ స్టేషన్ వ్యాగన్.

తన పెళ్లయిన కొత్తలో కొన్న బండి. వెనక తలుపు పైకెత్తితే వేదిక దిండ్లు, జరీ పరదాలు, కాగితప్పూల గుత్తులు, నిలువుటద్దం అన్నీ పట్టేవి. తుడిచి తుడిచి అద్దంలా ఉంచేది. కానీ చిన్న మిట్ట ఎదురైతే చాలు, దానికి ఆయాసం వచ్చేది.

"సైకిలు తాత మళ్లీ దాటిపోయాడే!" అని మొగుడు ఘజాలి ఏడిపించేవాడు.

"ఆయనకి పనీపాటా లేదు, పోనీ" అనేది రుబియా.

ఒక శనివారం పెళ్లికూతురిని అత్తవారింటికి తీసుకెళుతుంటే, బుకిత్ బెరాపిట్ ఘాట్ రోడ్డులో బండి రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. పైన కుంభవృష్టి. దారిన పోయే, ఘాటుగా కంపు కొట్టే దురియాన్ పళ్ల లారీవాడు జాలిపడి ఎక్కించుకున్నాడు. తలమీద బంగారు కిరీటం, ఒళ్లో పళ్ల బుట్ట పెట్టుకుని పిల్ల లారీ దిగేసరికి, అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కోడలిని తెచ్చారా, పళ్లు తెచ్చారా?"

పెళ్లివారంతా నవ్వారు. రుబియా కూడా నవ్వింది కానీ, చెవులు మాత్రం కాలిపోయాయి. సోమవారం పొద్దున్నే బండిని తాళ్లతో కట్టించి బెంగ్ హాక్ మెకానిక్ షెడ్డుకి లాక్కొచ్చింది.

"తౌకే, దీని ఇంజను మార్చెయ్" అంది షెడ్డు యజమానితో.

"అక్కా, బండే మార్చమని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాను!"

"మొగుణ్ణే మార్చలేదు, బండిని మారుస్తానా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావే?" అన్నాడు ఘజాలి.

బెంగ్ హాక్ వాళ్లిద్దరినీ ఊరి బయట ఒక యార్డుకి తీసుకెళ్లాడు. జపాన్‌లో నడుముకి కోసేసిన పాత కార్ల ముందు సగాలు, ఇంజన్లతో సహా, అక్కడ వరసగా నిలబెట్టి ఉంటాయి. యార్డువాడు బ్యాటరీ తగిలించి, సీసాలోంచి పెట్రోలు పోసి ఒక్కొక్కటే స్టార్టు చేశాడు. రుబియా ప్రతిదాని దగ్గరా చెవి ఒగ్గి విన్నది.

"ఇది రోగిష్టిది. వద్దు." తర్వాతదాని దగ్గర మొహం చిట్లించింది. "ఇది ఊరికే అరుస్తుంది. మా అత్తగారి బాపతు."

మూలనున్న ఒకటి తాళం తిప్పగానే అందుకుని, తేనెటీగల పట్టులా హాయిగా పాడింది.

"ఇదే" అంది.

బెంగ్ హాక్ తల పట్టుకున్నాడు. "నీ బండికి ఇది రెట్టింపు బలం అక్కా. పైగా పొడుగెక్కువ."

"పెళ్లికొడుకు పొడుగైతే ఎవరైనా కాదంటారా?"

పాత ఇంజను గొలుసు కప్పీకి వేలాడి బయటికొచ్చింది. కొత్తది కూర్చోవడానికి దిమ్మలు కొత్తగా చేసి వెల్డింగ్ పెట్టాల్సి వచ్చింది. వెనక చక్రాలకి పోయే షాఫ్టు లేతు మీద కోసి పొట్టి చేశాడు. గేర్లకి చోటు చాలక లోపలి రేకుని సుత్తితో సాగగొట్టాడు. రేడియేటరు పెద్దది పెట్టాడు. "పరుగు నేర్పితే ఆగడమూ నేర్పాలి కదా" అంటూ బ్రేకులు కూడా మార్చాడు. అంతా అయ్యాక బానెట్ మూయబోయాడు. అది మూసుకోలేదు. ఇంజను నెత్తి అడ్డం వచ్చింది.

కిందికి దించితే స్టీరింగ్ కడ్డీకి తగులుతోంది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. చివరికి విసుగొచ్చి, "రేకుకి బొక్క కొట్టేద్దాం" అన్నాడు.

"మొహం మీదా? నా చేతి కిందనించి మొటిమతో ఒక్క పెళ్లికూతురైనా బయటికొచ్చిందా? ఆ బొక్కతో దీన్నెలా తిప్పమంటావ్?"

రుసరుసలాడుతూ ఇంటికెళ్లింది. మర్నాడు తన ఇనప మూకుడు చంకన పెట్టుకుని వచ్చింది.

"బొక్క కొట్టుకో. దీన్ని పైన బోర్లించి అతికెయ్."

బెంగ్ హాక్ దాన్ని చూసి టైరు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత మూకుడు చెవులు కోసి, అతికి, లప్పం రాసి, రంగు వేశాడు. బండి బుగ్గ పూరించినట్టు తయారైంది.

"ఇక అరటిపళ్ల బజ్జీలు దేంట్లో వేయిస్తావు? దీని మీదేనా?" అని దిగులుపడ్డాడు ఘజాలి.

ఇంజను మారిస్తే బండిని తనిఖీ చేయించాలి. అక్కడి అధికారి బ్రేకులు, పొగ, కాగితాలు అన్నీ శ్రద్ధగా చూసి, చివర్న పెన్నుతో బానెట్ మీద టంగ్‌మని కొట్టాడు.

"ఇదేంటమ్మా?"

"మూకుడు బాబూ."

ఆయన మొహం పక్కకి తిప్పుకుని, భుజాలు అదురుతుండగా ముద్ర వేశాడు.

ఆ ఆదివారం కువాలా కంగ్సార్ వైపు పెళ్లి. అలవాటు కొద్దీ రుబియా ఘాట్ మొదట్లోనే కాలు నేలదాకా నొక్కింది. బండి లేడిపిల్లలా దూకింది. దిండ్లన్నీ వెనక సామాను మధ్య కూర్చున్న ఘజాలి మీద పడ్డాయి. దిండ్ల కిందనుంచి దేవుడికి దువాలు వినిపించాయి. రుబియా మొదట కెవ్వుమంది. కాలు సగం పైకి తీసింది. అప్పటికీ బండి మిట్ట ఎక్కుతూనే ఉంది. అప్పుడు మొదలైన నవ్వు కొండ దిగేదాకా ఆగలేదు.

పెళ్లింటికి చేరేసరికి పెళ్లికూతురు ఇంకా నిద్రలేవలేదు. తల్లి కొబ్బరిపాల గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? పెళ్లి ఆగిపోయిందా?"

"లేదు తల్లీ. నేనే ముందొచ్చాను."

పని లేకుండా పెళ్లింటి మెట్ల మీద కూర్చుని వేడివేడి టీ తాగడం రుబియాకి అదే మొదటిసారి. కాసేపటికి పిల్ల జుట్టు విరబోసుకుని, కళ్లు నులుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పౌడరు, కాటుక ఏమీ లేని పెళ్లికూతురి మొహం ఆవిడ తీరిగ్గా ఎప్పుడు చూసింది గనక! వచ్చీరాగానే రంగులు పూయడమే సరిపోయేది.

"భయంగా ఉంది అత్తా" అంది పిల్ల మెల్లగా.

ఇదివరకటి పిల్లలకీ భయం వేసే ఉంటుంది. చెప్పుకోవడానికి తను ఎవరికి వ్యవధి ఇచ్చింది? రుబియా సామాను పెట్టె మూత మూసి పక్కకి జరిపింది.

"చెప్పు, వింటాను" అని, తనకి పెట్టిన పళ్లెంలోని కొబ్బరన్నం ముద్దచేసి పిల్ల నోటికి అందించింది.

బయట మేనమామలు బండి చుట్టూ మూగారు. బానెట్ ఎత్తిపట్టి ఘజాలి ఉపన్యాసమిస్తున్నాడు. "ఎన్నో ఇంజన్లు చూశాం. చెవి పెట్టి విని, దీన్ని నేనే ఎంచాను!"

రుబియా నోరు తెరవబోయింది. పిల్ల ఏదో చెబుతోంది. సరే, ఈ ఒక్కరోజుకీ పోనీ అని అటు తిరక్కుండా కూర్చుంది.