పళ్ళెంలో నీళ్ళు కదలకూడదు: మదనపల్లె నుంచి కుప్పానికి రెండు బేస్ బాక్సులతో

హరి తన పెళ్ళి కబురు చెప్పిన ఫోన్‌లోనే నాకు పని కూడా పురమాయించేశాడు. మధ్యాహ్నం పెళ్ళికూతుర్ని ఊళ్ళోకి తీసుకొచ్చే ఊరేగింపుకి మ్యూజిక్ నువ్వే పెట్టాలన్నాడు. సినిమా పాటలొద్దు, మన గదిలో మోగేదే మోగాలన్నాడు. హరిది కుప్పం దగ్గర ఒక పల్లె, నాది మదనపల్లె. బెంగళూరులో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మా గదిలో మోగేది ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్. పాడేవాళ్ళుండరు, మాటలుండవు. ఒకే దెబ్బ గంటసేపు నడుస్తుంది, దాని మీద చిన్నచిన్న మార్పులు వచ్చిపోతుంటాయి. తొంభైల చివర్లో బెంగళూరు ఫుట్‌పాత్ మీద అట్ట కూడా లేని క్యాసెట్ ఒకటి కొన్నప్పటి నుంచి నాకు దాని పిచ్చి. ఇది నచ్చనివాళ్ళంటూ ఎవరూ లేరు, సరైన బాక్సుల్లో విననివాళ్ళే ఉన్నారని అప్పట్నుంచీ కనపడిన ప్రతివాడితోనూ వాదిస్తున్నాను. ఇప్పుడు ఒక ఊరు ఊరంతటికీ వినిపించే అవకాశం తనంతట తానే వచ్చింది. ఊరుకుంటానా!

పెళ్ళి రోజు తెల్లవారి ఐదింటికి మదనపల్లెలో మా మేనమామ ఇంట్లో లేచాను. ఆయన నేతగాడు. నేను పళ్ళు తోముకునేసరికే మగ్గం గుంతలోకి దిగి టకటకమని మొదలుపెట్టేశాడు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ చప్పుడులోనే పడుకున్నాను కాబట్టి, ఒకే దెబ్బ మళ్ళీమళ్ళీ పడుతుంటే నాకు విసుగు రాదు, ఒళ్ళు కుదుటపడుతుంది. నా ఇష్టానికి మూలం మీ మగ్గమే మామా అని చెప్పి, జేబులోంచి సీడీ తీసి చూపించాను. ఆయన దారం మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపకుండానే అన్నాడు:

"మా సప్పుడుకి సీర వస్తాది. నీ సప్పుడుకి ఏమొస్తాదిరా?"

నా దగ్గర జవాబు లేకపోలేదు గానీ బస్సుకి టైమవుతోంది. ఐదున్నరకి ఆర్టీసీ స్టాండులో పుంగనూరు బస్సెక్కాను. టికెట్ ఎనిమిది రూపాయలు, ప్రయాణం నలభై నిమిషాలు. ఆ వేళప్పుడు మార్కెట్‌కి వచ్చే టమోటా బండ్లు ఎదురవుతాయి కాబట్టి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. మాఘమాసం, బాగా చలి. కిటికీ పక్క సీటు కావాలంటే తలకి తువ్వాలు తప్పదు.

పుంగనూరులో మునెప్ప నాకోసం టెంపో దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకి సౌండ్ సర్వీసు ఉంది. యాభై ఏళ్ళ మనిషి, జాతరలకీ పెళ్ళిళ్ళకీ పాతికేళ్ళుగా మైకులు కడుతున్నాడు. కొత్తగా రెండు పెద్ద బేస్ బాక్సులు కొన్నాడని తెలిసి ఆయన్నే మాట్లాడుకున్నాను. బాక్సులు చూస్తే నా కడుపు నిండిపోయింది, ఒక్కొక్కటి నా భుజమంత ఎత్తుంది. ఆరున్నరకి బయల్దేరి పలమనేరు దారి పట్టాం. టెంపోలో నా సీడీ పెట్టాను. మునెప్ప రెండు మలుపుల దాకా ఓర్చుకున్నాడు. తర్వాత, ఇందులో పాట ఎప్పుడొస్తుందని అడిగాడు. ఇదే పాటన్నాను. ఇంకో రెండు మలుపులు ఆలోచించి మెల్లగా చెప్పాడు:

"పాతికేండ్లుగా మైకు కడతాండానప్పా. యా పాటకైనా యెనకాల ఒక మనిసి ఉంటాడు, ఏడుస్తాండాడా నవ్వతాండాడా తెలస్తాది. ఇందులో మనిసి యాడుండాడు?"

అన్నా, ఆ మనిషి నువ్వే, ఆడేవాడే ఇందులో మనిషి అని ఉపన్యాసం మొదలుపెట్టాను. పలమనేరు వచ్చేదాకా ఆపలేదు. అక్కడ బస్టాండు దగ్గర టిఫిన్‌కి దిగితే, హోటలాయన మా టెంపోలో చప్పుడు ముందు ఆపమన్నాడు. ఎవరు ఇడ్లీ అడుగుతున్నారో ఎవరు దోసె అడుగుతున్నారో వినబడి చావడం లేదట. మునెప్ప నవ్వాపుకోలేక నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేశాడు. నేనేం చిన్నబుచ్చుకోలేదు. హోటల్లో వినేది కాదులే ఇది అనుకుని ఇంకో వడ చెప్పాను. ఇద్దరికీ కలిపి టిఫినూ టీలూ ముప్పై రెండు రూపాయలు. పలమనేరు నుంచి వి.కోట, అక్కడి నుంచి కుప్పం. బస్సుల్లో వచ్చేవాళ్ళు పలమనేరులో మారాలి. మొత్తం మీద నాలుగు గంటలు, అరవై రూపాయల లోపు అయిపోతుంది.

కుప్పంలో పదిన్నర ముహూర్తానికి అందుకున్నాం. తలంబ్రాలు చూసి, భోజనం చేసి, ఊరేగింపు కంటే ముందుగా రెండింటికల్లా హరి ఊరికి చేరాం. ఊళ్ళోకి ఉన్నది ఒకటే రోడ్డు, చివర్లో హరి ఇల్లు. ఇంటికి ఇవతల రోడ్డు పక్కనే ఒక రేకుల షెడ్డు, దాని ముందు తాటాకు పందిరి. పందిరి కింద మంచమంత వెడల్పున్న వెదురు తడికెలు గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని నేను చూశాను. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. షెడ్డు ఎదురుగానే టెంపో ఆపించి, బాక్సులు అమర్చి, సీడీ వేసి బేస్ పెంచాను. మొదటి దెబ్బకే నా చొక్కా గుండీలు అదిరాయి. అబ్బ, ఇదీ! బెంగళూరు నుంచి వచ్చిన మా స్నేహితులు పదిమంది అప్పటికే చేతులెత్తేశారు.

షెడ్డులోంచి ఒకావిడ పరుగున వచ్చింది. రత్నమ్మ. హరికి వరసకి పెద్దమ్మ అవుతుంది, పట్టుపురుగులు పెంచుతుంది. అరవలేదు, తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని పందిరి కిందికి తీసుకెళ్ళింది. ఆ తడికెల పేరు చంద్రికలు. చాపచుట్టలా తిరిగిన వెదురుబద్దల మధ్య వేల పురుగులు తలలు తిప్పుతూ గూళ్ళు కట్టుకుంటున్నాయి. పురుగులు పండి, అంటే ఆకు తినడం మానేసి, నిన్ననే చంద్రికలకెక్కాయి, ఇంకా మూడు రోజులు వాటి జోలికి ఎవరూ పోకూడదు. నేల అదిరితే పురుగు దారం తెంపేసి కింద పడిపోతుందని ఆవిడ నమ్మకం. సైన్సు ఏమంటుందో నాకు తెలియదు గానీ, ఆవిడ ముఖం చూశాక అడగబుద్ధి కాలేదు.

"నెల దినాలు పొద్దూమాపూ ఆకు కోసి యేసి సాకినానప్పా. పోయిన పంట రోగమొచ్చి గుంత తీసి పూడ్సినాం. ఇది గూడా పోతే ఇంగ నా చేత కాదు."

క్షమించమ్మా అని పరుగెత్తి సౌండ్ తగ్గించాను. మామూలుగా మాట్లాడుకునేంత స్థాయికి దించి, ఇప్పుడు కాకి కూడా లేవదని ధైర్యంగా చెప్పాను. రత్నమ్మ లోపలికెళ్ళి లోతుగా ఉన్న ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు తెచ్చి, చంద్రికల పక్కన నేల మీద పెట్టి చూడమంది. ఒక్కో దెబ్బకీ నీళ్ళలో సన్నటి వలయాలు లేస్తున్నాయి. చెవికి వినబడీ వినబడనట్టుంది, నీళ్ళు మాత్రం వణుకుతున్నాయి. ఊరి దగ్గరి క్వారీలో బండలు పేల్చే రోజుల్లో ఈ పళ్ళెం పెట్టి చూడటం అలవాటైందట. నీళ్ళు కదిలిన రోజు పురుగూ కదులుతుందని ఆవిడ లెక్క.

సరే, బేస్ పూర్తిగా తీసేశాను. నీళ్ళు నిలిచాయి. కానీ బాక్సుల్లోంచి వచ్చింది రేకు డబ్బాలో శనగలు పోసి ఆడించినట్టుంది. ఆడుతున్న పదిమందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఇంతలో పెళ్ళి కారు వచ్చింది, హరి దిగాడు. స్నేహితుల్లో ఒకడు, పురుగుల కోసం పెళ్ళి ఆపుకుంటామా, అరగంటే కదా, కానిచ్చేయమన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసులో కూడా ఒక్క క్షణం అదే ఉంది. బాక్సులు నావి కావు, ఊరు నాది కాదు, సాయంత్రానికి నేను వెళ్ళిపోతాను. హరి మాత్రం పళ్ళెం వైపు చూసి, తను చదువుకున్నది ఈ పెద్దమ్మ ఇంట్లోనే, దీపం కింద, చంద్రికల మధ్య కూచునే అని చెప్పాడు. స్నేహితుడు తల దించుకున్నాడు.

అప్పుడు ఉపాయం చెప్పింది మునెప్ప. బేస్ తగ్గించలేకపోతే దూరం పెంచుదామన్నాడు. టెంపో తిప్పి వచ్చిన దారినే వెనక్కి నడిపాడు, నేను వెనకాల కూర్చుని నూరడుగులకోసారి పూర్తి బేస్‌తో రెండే రెండు దెబ్బలు వేసి ఆపేవాణ్ణి. రత్నమ్మ పళ్ళెం ముందు గొంతుక్కూర్చుని చూసి, నీళ్ళు కదిలితే చెయ్యి ఎత్తేది. అంత దూరం మాకు కనబడదు కాబట్టి నడిరోడ్డు మీద హరి నిలబడ్డాడు. పట్టుపంచె, మెడలో పూలదండ, నుదుటికి బాసికం, మండే ఎండ. పెళ్ళికొడుకు ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తుతుంటే పెళ్ళికూతురు కారులోంచి తొంగి చూసి నవ్వుతోంది. మొదటిసారి చెయ్యి లేచింది. రెండోసారీ లేచింది. ఐదోసారి కూడా లేచేసరికి ఇంక ఇవాళ్టికి ఇంతేననుకున్నాను. ఏడోసారి, రోడ్డు మలుపులో గ్రానైట్ దిమ్మెలు పేర్చి ఉన్న ఖాళీ స్థలం దగ్గర, హరి చెయ్యి లేవలేదు. ఎందుకైనా మంచిదని మళ్ళీ వేశాం. అప్పుడూ లేవలేదు.

ఊరేగింపే అక్కడికి వచ్చింది. ఆ గంటసేపు సంగతి మాత్రం నేను గర్వంగానే చెప్పుకుంటాను. మొదట మా స్నేహితులు, తర్వాత ఊరి కుర్రవాళ్ళు, తర్వాత దిమ్మెల మీద కూర్చుని చూస్తున్న పెద్దవాళ్ళు, చివరికి హరి అత్తగారు. ఎవరికీ స్టెప్పులు తెలియవు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. పాటలో మాటలుంటే ఇది మీ కాలంది, ఇది మా కాలందని వేరుపడేవాళ్ళేమో. ఇక్కడ అందరూ ఒకే దెబ్బ మీదున్నారు. మునెప్ప కాలు ఆడటం నేను కళ్ళారా చూశాను. అడిగితే చీమ కుట్టిందన్నాడు.

నాలుగున్నరకి సీడీ ఆపి, నలభై మందిమి ఇంటిదాకా నడిచాం. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే మాటలు ఆగిపోయాయి. పెళ్ళికూతురి గజ్జెల పట్టీలు తప్ప ఇంకేమీ వినబడలేదు. రత్నమ్మ పందిరి ముందు నిలబడి ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టింది. నేను చూసిన ఊరేగింపులన్నింటిలో నాకు గుర్తుండిపోయేది ఆ వంద అడుగులే.

బాక్సులు సర్దడానికి నేనూ మునెప్పా మలుపు దగ్గరికి తిరిగి వెళ్తుంటే, రత్నమ్మ వెనకాలే వచ్చింది. చేతిలో అదే పళ్ళెం. చంద్రికల దగ్గర కోడల్ని కూర్చోబెట్టి వచ్చానంది. ఇందాక ఊరంతా ఆడుతుంటే తను చేతులు ఊపడమే సరిపోయిందట, ఒక్కసారి తనకి కూడా వేసి చూపించమంది. రోడ్డు పక్క బోరింగు కొట్టి పళ్ళెం నిండా నీళ్ళు పట్టి, ఒక బాక్సు పడుకోబెట్టించి తనే దాని మీద పెట్టింది. నేను వేశాను. నీళ్ళు ఒక్కసారిగా గోరంత ఎత్తు ఎగిరి, గింజలు గింజలుగా విడిపోయి, దెబ్బ దెబ్బకీ ఆడటం మొదలుపెట్టాయి. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు కన్నార్పకుండా చూసింది. తర్వాత మావైపు తిరిగింది.

"నీళ్ళే నిలబడలేకుండాయి. ఇంగ మనుసులు యాడ నిలబడతారప్పా?"

మునెప్పని టెంపోతో పుంగనూరు పంపించి, నేను కుప్పం స్టేషన్‌లో సాయంత్రం బెంగళూరు ప్యాసింజర్ ఎక్కాను. కూర్చోవడానికి చోటు సులువుగానే దొరికింది. దారంతా ఒకటే ఆలోచన. సరైన బాక్సుల్లో వింటే ఎవరికైనా నచ్చి తీరుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తప్పు. ఏ దెబ్బ నా ఒళ్ళు కుదుటపరుస్తుందో అదే దెబ్బ హోటలాయన్ని తన పనికి చెవిటివాణ్ణి చేసింది, అదే దెబ్బ రత్నమ్మ నెల రోజుల కష్టాన్ని నేల రాల్చేది. నచ్చడమైనా నచ్చకపోవడమైనా, అది ఎదుటివాణ్ణి ఏ పనిలో ఉండగా తాకిందన్న దాన్ని బట్టే. ఈ సంగీతం గొప్పదని నేను ఇప్పటికీ వాదిస్తాను, వెనక్కి తగ్గేది లేదు. వాదించేముందు మాత్రం అవతలివాళ్ళ పళ్ళెంలో నీళ్ళు చూస్తాను. మా మామకి అప్పుడు చెబుదామనుకున్న జవాబు మాత్రం ఇప్పుడు పనికిరాదు. చీర రాదు మామా, ఒప్పుకుంటున్నాను.

ఆ వైపు పెళ్ళిళ్ళకి బాక్సులు తీసుకెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఊళ్ళోకి వెళ్ళగానే ఏ ఇంటి ముందైనా వెదురు చంద్రికలు ఆనించి ఉన్నాయేమో చూడండి, ఉంటే బాక్సులు దించకముందే ఆ ఇంటివాళ్ళని పురుగు ఏ దశలో ఉందో అడగండి. సౌండ్ తగ్గిస్తే సరిపోతుందనుకోకండి, బాక్సులే దూరం జరపండి. పళ్ళెం వాళ్ళ ఇంట్లోనే దొరుకుతుంది. ఇది రాస్తుండగానే హరి ఫోన్ చేశాడు. రత్నమ్మ నాకొక కబురు చెప్పమందట: "గూళ్ళు బాగా కట్టినాయి, నిన్ననే దించేసినాం. చంద్రికలు ఖాళీగా ఉండాయి. ఆ పెట్టెలు ఎప్పుడు తెస్తాడో అడుగు, ఈసారి నా ఇంటి ముందరే పెట్టమను."