పదకొండు సిద్ధాంతాలూ, ఒక అడ్డగీతా

ఆ రోజుల్లో దిగులంటే నాకు గొప్ప గౌరవం. గణితంలో పరిశోధన చేసేవాడు గడ్డం గీసుకోకూడదనీ, ఎవరైనా పలకరిస్తే కాసేపాగి జవాబివ్వాలనీ నమ్మేవాణ్ని. తిరుత్తణి దగ్గర మగ్గాల వీధిలో పుట్టి, తిరువళ్ళూరు కాలేజీలో పిహెచ్‌డి చేస్తున్నవాణ్ని మరి. (బడిలో చదివింది తమిళం, ఈ తెలుగు రాత మా నాయన చలవ. తప్పులు నావి.) నా విషయం ‘దాదాపు ఆవర్తన ప్రమేయాలు’, ఇంగ్లీషులో ఆల్మోస్ట్ పీరియాడిక్ ఫంక్షన్స్. మామూలు ఆవర్తన ప్రమేయం గడువు ప్రకారం అచ్చంగా అవే విలువలకు తిరిగొస్తుంది. నాది అచ్చంగా రాదు గాని, ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా, మరీ ఆలస్యం చేయకుండా మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. మా అరక్కోణం లోకల్ రైలు కంటే కాస్త నమ్మదగినదే.

వీటిని ఇంకా విస్తరించాలని నేనొక షరతు సడలించాను. రుజువులు కూలిపోయాయి. వాటిని నిలబెట్టడానికి ఇంకో షరతు బిగించాను. అంతే, అన్నీ లేచి నిలబడ్డాయి. మూడేళ్ళలో పదకొండు సిద్ధాంతాలు! ఇంత సులువుగా ఎలా వస్తున్నాయని ఒక్కనాడూ అనుమానపడలేదు. నా తెలివే కారణమనుకున్నాను.

థీసిస్ ఇచ్చేముందు జరిగే సెమినార్‌కు నాయన వస్తానన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఊపిరాడక అప్పటికే మగ్గం మానేశాడు. అయినా తాను నేసిన ఆఖరి పంచె కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. నేను గంటసేపు మాట్లాడాను. బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షకుడు, చాలా మర్యాదస్తుడు, నా షరతులకు సరిపోయే ప్రమేయం ఒక్కటి చూపించమన్నాడు. ఎప్పటికీ మారని స్థిర ప్రమేయం ఉందన్నాను. అది కాక ఇంకొకటి అన్నాడు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. ఒకటి రాసి చెరిపాను, ఇంకొకటి రాసి చెరిపాను. చివరికి ఆయనే మెల్లగా వచ్చి, నేను బిగించిన షరతుకు స్థిర ప్రమేయం తప్ప మరేదీ లొంగదని నాలుగు వరసల్లో రాసి చూపించాడు. స్థిర ప్రమేయాన్ని గ్రాఫు గీస్తే వచ్చేది ఒక అడ్డగీత. అంటే మూడేళ్ళూ నేను శోధించింది ఆ గీతనే. అది కదలదని పదకొండు రకాలుగా నిరూపించాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మా గైడు మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

రైలు కడంబత్తూరు దాటాక నాయన అడిగాడు.

“కడాన ఆయన రాసిందేమిరా?”

“నేను చేసిందాంట్లో ఏమీ లేదని రాసినాడు నాయనా.”

“నువ్వు మాట్లాడతా ఉంటే గంటసేపు ఒకడన్నా నోరెత్తలేదు. నేను చూసింది అది” అన్నాడు.

వీధిలో అందరికీ అదే చెప్పాడు. నేను దిద్దలేదు. ఆ ఏడు వానలు వెలిసేలోపే పోయాడు. బిగించిన షరతును వదులు చేయడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. పదకొండింటిలో నాలుగే మిగిలాయి, వాటితోనే పట్టా వచ్చింది. చూపించడానికి నాయన లేడు.

ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఊరికి వెళితే పక్కింటి అవ్వ తప్పకుండా అడుగుతుంది: “ఏమయ్యా, ఇంకా నీ ముందర ఎవురూ నోరెత్తడం లేదా?”

లేదవ్వా అంటాను. నా క్లాసులో పిల్లలు నిద్రపోతారు గనక అది అబద్ధం కూడా కాదు. కానీ ఏమీ లేనిదాని గురించి అంత ధీమాగా గంటసేపు మాట్లాడినవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నాయన కళ్ళారా చూసి వెళ్ళింది వాణ్నే.