తొట్టిలో సగం నీళ్లు

పందొమ్మిది వందల యాభైలలో ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు ఇనుప నీళ్లతొట్టి డిజైన్ చేశాను. తాగే నీళ్ల పైపును తొట్టి నడిమికి, మంటలార్పే పైపును అడుక్కి పెట్టాను. ఎంత వాడుకున్నా సగం నీళ్లు నిప్పు కోసం మిగలాలి. అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు గీసినా అలాగే గీస్తాను.

తొట్టి కట్టిన ఏడాది ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నేను మిల్లులో ఉండగానే, తాగే నీళ్ల కొళాయి ఆగిపోయింది. పత్తి ఏరే ఆడకూలీలు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలామె తొట్టిని అడుగున వేళ్లతో తట్టి చూసింది.

"లోపల నీళ్లుండాయి కదప్పా?" అని నన్నడిగింది.

"అవి పత్తికి నిప్పంటుకుంటే ఆర్పడానికి, అవ్వా," అన్నాను.

ఆమె ఖాళీ బిందెను చంకనెత్తుకుంది.

"పత్తి బతుకే మేలప్పా. అది కాలకముందే దానికి నీళ్లు ఎత్తిపెట్టినారు."