బండి దిగి నడిచిన రికార్డింగు

మా ఇంట్లో దయ్యాలను నమ్మినవాళ్ళు లేరు. అడవి అంచు ఊళ్ళ మీద పెత్తనం చేసిన కుటుంబం మాది. జనం మాకు భయపడ్డారు గాని మేము దేనికీ భయపడలేదు. నేనూ అట్లాగే పెరిగాను. నన్ను పిరికివాడు అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏన్కూరు దగ్గర కోటలాంటి మా గడీ, భూములు నా చిన్నప్పుడే పోయాయి. వైరాలో రహీం భాయి టీవీ రిపేరు దుకాణం మీది గదిలో కిరాయికి ఉంటున్నాను. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే నౌకరీ నాకు పడదు. అందుకే వీడియో గేములు ఆడి, రికార్డు చేసి ఒక ఛానల్‌కు పంపే పని ఒప్పుకున్నాను. అదీ నాకు రోతే. కానీ తలుపు వేసుకుని చేసుకోవచ్చు. మొదటి వీడియో నచ్చితే పని ఖాయం అన్నారు.

రహీం భాయి గేములు ఆడే కన్సోల్‌కూ టీవీకీ మధ్య క్యాప్చర్ కార్డ్ అనే చిన్న డబ్బా పెట్టాడు. టీవీలో కనిపించేదే ల్యాప్‌టాప్‌లోనూ హెచ్‌డీలో రికార్డవుతుంది. తనంతట తాను అది ఏదీ కలపదు.

ఆటలో ఒకడు మోటార్‌సైకిల్ మీద ఏదో దేశపు ఊళ్ళు తిరుగుతాడు. ఒక మలుపులో పెద్ద రాతి భవంతి ఉంది. దాని ముందు నుంచి నేను వేగంగా పోయాను. "ఇక్కడ బ్రేకే వేయక్కర్లేదు" అని మైకులో చెప్పాను కూడా.

మధ్యాహ్నం అన్నం తిని రికార్డింగు చూసుకున్నాను. భవంతి రాగానే వాడు బండి దిగాడు. బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. నడుము వంచి, బండి తోసుకుంటూ గోడ వెంట నడిచాడు. పైన నా గొంతు వినిపిస్తూనే ఉంది, బ్రేకే వేయక్కర్లేదని.

ఒకటి దాచకూడదు. మొదట నాకు భయం కలగలేదు. 'పద్ధతిగా నడుస్తున్నాడు' అనిపించింది. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది.

రహీం భాయిని పిలిచాను. నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏంది దొరా, టీవీ గూడ మీ మాట ఇంటలేదా?"

చూశాక నవ్వు పోయింది. బొమ్మ ఆపి పెద్దది చేశాడు. పగిలిన మడమలు, పగుళ్ళలో ఎర్రమట్టి. హెచ్‌డీ కదా, ఏదీ దాగలేదు.

"గేముల బూటు లోపట కాలు గీయరు దొరా. బూటే కాలు. గిది యాడికెళ్ళి వచ్చింది?" అన్నాడు. "మా తాత గుడ్డల మూట కట్టుకుని అమ్మనీకి మీ ఊరు వచ్చేటోడు. మీ గడీ రాంగనే సైకిల్ దిగి గిట్లనే నడిచేటోడట, చెప్పులు చంకల వెట్టుకుని."

ఆ సంగతి నాకు తెలుసు.

కంట్రోలర్ ఆయన చేతికిచ్చాను. టీవీలోనూ రికార్డింగులోనూ బండి ఆగలేదు. తర్వాత నేను ఆడాను. ఆయన టీవీ మీంచి కన్ను తీయలేదు. టీవీలో బండి దూసుకుపోయింది. రికార్డింగులో వాడు దిగాడు. రహీం భాయి కార్డు మార్చి ఒకసారి, వైరు మార్చి ఒకసారి నాతో మళ్ళీ ఆడించాడు. మూడుసార్లూ అంతే.

సాయంత్రానికి వీడియో పంపాలి. ఆ ముక్క కోసేస్తే సరిపోతుందన్నాను.

"కోసెయ్యుండ్రి. మీరు చేసింది కనపడకుంట పోవుడు మాకు అలవాటే," అన్నాడు రహీం భాయి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ.

కోయలేదు. ఉన్నది ఉన్నట్టే పంపాను.

గంటలో ఛానల్ అతను ఫోన్ చేశాడు. "అన్నా, ఆ వంగి నడుసుడు సూపరున్నది! జనం నవ్వి సస్తరు. ప్రతి వీడియోల గదొక్కటి పెట్టు, పని నీదే."

ఇంకా జనానికి చూపించలేదుగా అని అడిగాను. లేదన్నాడు. తీసేయమన్నాను. ఆ పని నాకు వద్దన్నాను.

"ఏందన్నా, బొమ్మకు గూడ గంత రోషమా?" అని పెట్టేశాడు.

ఇప్పుడు ఎరువుల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. ఆ దిగినవాడు ఎవడో, నా చేతిలోనే ఎందుకు దిగాడో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. వాడిని మళ్ళీ ఆ గోడ ముందు నడిపించడానికి మాత్రం నాకు చేతులు రాలేదు.