వేడి గిన్నె గడప దాటొద్దు

పాలమూరు స్టేషన్ ఎదురుగా ఉన్న కరీం హోటల్‌కు ఐసు పెట్టె వచ్చిన రోజున ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఉండదా మరి! ఎండలు మండిపోతున్నాయి. నీడ పట్టున కూర్చున్నా నాలుక పిడచకట్టుకుపోతోంది. అలాంటి రోజుల్లో రంపంపొట్టులో పొర్లించి, గోనెపట్టాలు చుట్టిన మంచుగడ్డ రైలు దిగి, హమాలీల భుజాల మీద ఊరేగుతూ వస్తుంటే ఇంట్లో ఎవడు కూర్చుంటాడు? అది నిజాం రాజ్యం. పట్నంలో దొరల ఇళ్లలో తప్ప అలాంటి పెట్టెను ఇక్కడివాళ్లెవరూ కళ్లతో చూసి ఎరగరు.

టేకు చెక్కతో చేసిన నిలువెత్తు పెట్టె అది. లోపలంతా రేకు తాపడం. పై అరలో మంచుగడ్డ, కింద మూడు అరల్లో తిండి సామాను. గడ్డ కరిగిన నీళ్లు అడుగున ఉన్న గొట్టంలోంచి బయటికి కారతాయి. ఆ గొట్టం కింద ఒక రేకు డబ్బా పెట్టారు.

వంటింటి తడక చాటున మునివేళ్ల మీద లేచి నిలబడి ఇదంతా చూస్తున్న మనిషి జాహేదా. కరీంకు సొంత అక్క, హోటల్ వంటింటికి పెద్ద దిక్కు. నలభై దాటిన మనిషే గానీ ఆ పూట చిన్నపిల్ల అయిపోయింది.

"యా అల్లా! ఎంత ముద్దుగున్నదో!" అని పైకే అనేసింది. ఆ పెట్టె తన చేతికొస్తే పాలు ఎక్కడ పెట్టాలో, పెరుగు ఎక్కడ పెట్టాలో అప్పుడే మనసులో సర్దేసుకుంది కూడా.

కానీ ఆ పెట్టె ఆమె కోసం రాలేదు. నిజం చెప్పాలంటే ఆమె గదిని కూలగొట్టడానికే వచ్చింది.

వంటింటికి ఉత్తరాన ఆమెకొక చల్లటి గది ఉండేది. నేలను మోకాలి లోతు తవ్వి, వాగు ఇసుక పోయించి, పొద్దునా సాయంత్రం తానే బిందెలతో తడిపేది. కిటికీకి వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేది. ఇరవై ఏళ్లుగా హోటల్లో పాలు, పెరుగు, మాంసం అన్నీ ఆ తడి ఇసుకలోనే కుదురుగా కూర్చునేవి. ఆ గదిలో ఆమె మాటే శాసనం. పచ్చి మాంసం అన్నింటికంటే కింద, మూలకు. పాలు, పెరుగు పైన, మూతలతో. నిన్నటిది నిన్నటితోనే సరి. రాత్రి పెళ్లి విందుకు మధ్యాహ్నమే కోత, పొద్దున కోసిన మాంసం పనికిరాదు. అన్నింటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది: వేడి గిన్నె ఆ గడప దాటకూడదు. బయట నీళ్ల తొట్టిలో నిలిపి, కలుపుతూ చల్లార్చి, ఆమె గిన్నెకు అరచెయ్యి ఆనించి ఊ అంటేనే లోపలికి.

ఆమెది చాదస్తమని వంటవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ. ఎందుకంత పట్టుదలో ఆమెకు తెలుసు. పెళ్లయిన మూడో ఏట, కోస్గిలో ఒక దావత్‌కు పోయి ఆమె భర్త యాకూబ్ ముందురోజు వండిన ఖుర్మా తిన్నాడు. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. బండి కట్టి దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ల వయసులో తమ్ముడి ఇంటికి వచ్చిన జాహేదా ఏడుపంతా ఏడ్చి, ఆ తర్వాత పార పట్టుకుని ఆ గది నేల తవ్వడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ గది గోడ మీద మేస్త్రి సాయిలు బొగ్గుతో పెద్ద అడ్డగీత గీసి పోయాడు. శనివారం గోడ పడగొడతారట. అక్కడ ఇంకో నాలుగు బల్లలు పడతాయట.

"పెట్టె వచ్చినంక గీ గుంత అర్ర ఎందుకు ఆపా? ఇంక నువ్వు నీళ్లు మోసే బాధ లేదు. హాయిగ కూసో" అన్నాడు కరీం అక్కతో, ఆ గది వైపు చూపిస్తూ, ఎంతో మేలు చేస్తున్నవాడిలా.

"కూసుండి ఏం జేయాల్నో గది గూడ జెప్పు" అంది జాహేదా. కరీం చెవిన పడలేదు. వాడి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆ శుక్రవారమే పట్నం నుంచి పెళ్లికొడుకు వాళ్ల బరాత్ వస్తోంది. అరవై మంది. నాలుగింటి రైలు దిగి, హోటల్లో భోజనం చేసి, చల్లటి ఫిర్నీ తిని పెళ్లికూతురింటికి కదులుతారు. ఫిర్నీ అంటే ఏమనుకున్నారు? బియ్యప్పిండి పాలల్లో చిక్కగా ఉడికించి, మట్టి పిడతల్లో పోసి చల్లబరిచే తీపి. అది చల్లగా ఉంటేనే ఫిర్నీ, లేకపోతే గంజి. "మా ఐసు పెట్టె ఫిర్నీ" అని కరీం పెళ్లికొడుకు తండ్రికి ఉత్తరం కూడా రాసేశాడు.

శుక్రవారం తెల్లవారుజామున జాహేదా ఫిర్నీ దించి పిడతల్లో పోయగానే వాడు పిడతల పళ్లేలు ఎత్తుకుపోయాడు. పిడతలు పొగలు కక్కుతున్నాయి.

"ఆగుర! జర సల్లారనీ!"

"లోపల ఐసు ఉండంగ బయట సల్లారుడెందుకు ఆపా? ఆడనే సల్లారుతది!"

మాంసం కూడా అంతే. హోటల్ గిరాకీల కోసం తెచ్చిన మాంసాన్ని మంచుకు దగ్గరగా ఉంటే మంచిదని పై అరలో పెట్టాడు. దాని కింద ఫిర్నీ. జాహేదా తల కొట్టుకుంది. తాళంచెవి కరీం షేర్వానీ జేబులో ఉంది. పెట్టె ఏమో హోటల్ ముందుభాగంలో, వీధివైపు, నలుగురికీ కనబడేటట్టు ఉంది. పరదా మనిషి, పోయి లాక్కోలేదు కదా!

ఇక పొద్దంతా తమాషా చూడాలి! స్టేషన్ గుమాస్తా వచ్చాడు, తలుపు తెరిచాడు కరీం. జవాను వచ్చాడు, తెరిచాడు. సంతకొచ్చినవాళ్లు వచ్చారు, మళ్లీ తెరిచాడు.

"చెయ్యి వెట్టు భాయ్, చెయ్యి వెట్టు! ఎట్లున్నది?"

"అబ్బబ్బ! వేళ్లు కొంకర్లు పోతున్నయ్ సేటూ!"

గొర్రెల బీరప్ప అయితే రెండు చేతులూ పెట్టి తీసి, బుగ్గలకు ఆనించుకుని, "ఇంకోపారి" అన్నాడు. కరీం ఇంకోసారి తెరిచాడు. కాదనడానికి వాడికి మనసొస్తేనా!

జుమ్మా నమాజుకు హోటల్ మూసి మగవాళ్లంతా మసీదుకు పోయారు. అప్పుడు గానీ జాహేదా ముందుభాగంలోకి రాలేకపోయింది. వస్తూనే గొట్టం దగ్గర కూర్చుంది. చుక్క పడటం లేదు. డబ్బాలోని నీళ్లలో వేలు ముంచింది. గోరువెచ్చగా ఉన్నాయి. పైగా లేత ఎరుపు.

కరీం తిరిగి రాగానే చెయ్యి చాపింది. "తాళంచెవి."

"ఎందుకాపా?"

"తియ్యమన్ననా లేదా!"

ఆ గొంతు విని వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. తలుపు తీస్తే మంచుగడ్డ ఉన్నచోట తడి గోనె మాత్రం ఉంది. మాంసం నెత్తుటి నీరు ఒక్కొక్క చుక్కా ఫిర్నీ పిడతల మీదికి జారి, తెల్లటి పాల మీద ఎర్రటి చారలు కట్టింది. జాహేదా పళ్లెం ఎత్తింది.

"ఏడికి ఆపా?"

"గుంతల వొయ్యనీకి."

కరీం అడ్డం పడ్డాడు. "మీద మీద తీసేద్దం! కింద మంచిగనే ఉన్నది! నాలుగ్గంటలకు బరాత్ దిగుతది ఆపా, నా ఇజ్జత్ పోతది!"

"నీ ఇజ్జత్ పోతె మల్ల తెచ్చుకుందంర. యాకూబ్‌ను తెచ్చుకున్ననా నేను?"

ఆ మాటకు కరీం చేతులు వాటంతట అవే కిందికి దిగిపోయాయి. పక్కకు జరిగాడు. అరవై పిడతల ఫిర్నీ, పై అరలోని మాంసం మొత్తం, పెరట్లో గుంత తీసి, కుక్కలు కూడా ముట్టకుండా బూడిద కలిపి పూడ్చేసింది జాహేదా. పూడ్చి, చేతులు కడుక్కుని, కొంగు నడుముకు బిగించింది.

"ఏం జూస్తున్నవ్? నర్సక్క ఇంటికి ఉరుకు! బర్రెలు ఇడిచిన పాలు ఇడిచినట్టె తెమ్మను!"

అంతే! ఇంక ఆ వంటింట్లో ఎవరికీ ఊపిరి పీల్చే తీరిక లేదు. నానిన బియ్యం రోట్లో పడ్డాయి. పాలమ్మే లక్ష్మీనర్సమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఏంది బీబమ్మా, బర్రెను గుంజి గుంజి పాలు పిండుకొచ్చిన! దానికి నామీద కోపమొచ్చింది!"

"రేపు దానికి నేనే గడ్డి వెడ్త గాని నర్సక్కా, జర గా కొత్త పిడతలు నీళ్లల్ల ముంచు!"

పాలు పొంగాయి, పిండి పడింది, గరిటె ఆగకుండా తిరిగింది. ఫిర్నీ చిక్కబడగానే పెద్ద వంట డేగ్‌ను దించి బయటి తొట్టిలో నిలిపింది. నీళ్లు వేడెక్కాయి. మార్చింది. మళ్లీ వేడెక్కాయి. మళ్లీ మార్చింది. మూడోసారి డేగ్‌కు అరచెయ్యి ఆనించి, "ఆఁ, ఇప్పుడు" అంది. నీళ్లు తాగిన పిడతల్లో ఫిర్నీ పోసి, గడప దాటించి, తడి ఇసుకలో వరసగా పాతింది. వట్టివేళ్ల తడకలు నీళ్లు కారుతున్నాయి. లక్ష్మీనర్సమ్మ కిటికీ దగ్గర కూర్చుని చేట పట్టుకుని విసురుతూనే ఉంది.

బొగ్గు గీత ఉన్న ఆ గోడకే ఆనుకుని జాహేదా ఒక పిడతను ముట్టుకుంది. చల్లబడుతోంది గానీ ఇది చాలదు. పట్నం వాళ్లు! అంతలో రైలు కూత వినబడింది. ఆమె లేచి నిలబడింది.

ఆ రైల్లోనే బరాత్, రోజూ పట్నం నుంచి వచ్చే మంచుగడ్డా ఆ రైల్లోనే. కరీం ఎవరికి ఎదురుపోయాడనుకున్నారు? పెళ్లికొడుకుకు సలాం కూడా చెప్పలేదు! గార్డు పెట్టెకాడికి ఉరికి, షేర్వానీ తడిసిపోతున్నా గడ్డను భుజానికెత్తుకుని పరుగు లంకించుకున్నాడు. జనం చేతులు చాపుతూ మూగారు.

"జరుగుర్రి! ముట్టొద్దు! ఎవడన్న ముట్టిండంటె చూడుర్రి!" అని అరిచాడు, పొద్దున అందరి చేతులూ పెట్టించిన మహానుభావుడు.

గడ్డను గోనెలో వేసి రోకలితో చితక్కొట్టారు. పిడతల చుట్టూ ఇసుక మీద మంచు పరిచారు. గది తలుపు మూసి జాహేదా దానికి వీపు ఆనించి కూర్చుంది. బరాత్ భోజనం ముగిసేదాకా ఆ తలుపు ఎవ్వరి కోసమూ తెరవలేదు.

దీపాలు పెట్టే వేళకు ఫిర్నీ బల్లల మీదికి పోయింది. మొదట చెంచాల చప్పుడు ఒక్కటే. జాహేదా తడక పట్టుకుని చెవి ఒగ్గింది. తర్వాత ఎవరో "వాహ్!" అన్నారు. ఆ తర్వాత ఇక ఒకటే సందడి, ఇంకోటి ఇంకోటి అని. పెళ్లికొడుకు తండ్రి పిడత అడుగు గీకుతూ, "గీదేనా మీ ఐసు పెట్టె ఫిర్నీ?" అని అడిగాడు.

కరీం నోరు తెరిచాడు. పెట్టె వైపు చూశాడు. ఖాళీ పెట్టె, తలుపు బార్లా తెరిచి ఉంది. "కాదు సాబ్. మా ఆపా అర్రలది" అన్నాడు.

తడక వెనక జాహేదాకు కళ్లనిండా నీళ్లు. ఎందుకో ఆమెకే తెలియదు, నవ్వుతూనే ఉంది.

శనివారం పొద్దున్నే మేస్త్రి సాయిలు గడ్డపార పట్టుకుని వచ్చాడు. చెప్పిన పని చెప్పినట్టే! జాహేదా కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చింది. ఆ గోడకు ఎదురుగా, రెండు చేతులూ ముడుచుకుని నిలబడిపోయింది.

"ఏడికెల్లి కొట్టాలె సేటూ?" అని అడిగాడు సాయిలు.

కరీం గోడ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఉన్న పురికొసతో ఐసు పెట్టె వెడల్పు కొలుచుకొచ్చాడు వాడు. ఆ కొసను తలుపు చట్రం మీద పెట్టి చూపించాడు. "గీడికెల్లి గీడిదాక. పెట్టె లోపలికి పట్టేటంత. ఒక్క ఇటుక ఎక్కువ తియ్యకు."

అని, జేబులోంచి తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగు చివర ముడివేసి, రెండుసార్లు బిగించింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి బొగ్గు గీతను ఆ చివర నుంచి ఈ చివరదాకా తుడిచేసింది.

సాయంత్రానికి పెట్టె గదిలో కుదురుకుంది. పై అరలో కొత్త మంచుగడ్డ, దాని కింద పాలు, పెరుగు, అడుగు అరలో మాంసం. గొట్టం కింద డబ్బాలో టప్పు టప్పుమని చుక్కలు. ఆ చప్పుడు వింటూ జాహేదా మురిసిపోతుంటే, కరీం పొయ్యి మీద నుంచి పాలగిన్నె ఎత్తుకుని గబగబా వచ్చాడు. వచ్చి, గడప ముందు ఆగాడు. కాలు లోపల పెట్టలేదు.

"ఆపా, జర చెయ్యి వెట్టి చూడు. సల్లారిందా?"

ఆమె గిన్నెకు అరచెయ్యి ఆనించింది.

"ఇంకా లేదు. ఆడనే నిలబడు."

వాడు నిలబడ్డాడు.